లేసు తెర వెనుక రేడియో

1962 వేసవిలో పాలకొల్లులోని మా ఇంటి సావిట్లోకి రేడియో వచ్చింది. నాన్నగారు దాన్ని భీమవరంలో కొని, రైల్లో తన పక్కనే సీటు మీద పెట్టుకుని, దారంతా ఒక చెయ్యి దాని మీద వేసే ఉంచి, చంటిబిడ్డను తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చారు. రెండు జానలకు కాస్త ఎక్కువ వెడల్పు, జానన్నర ఎత్తు ఉన్న ఆ పెట్టె మా ఇంట్లోని ఏ వస్తువునూ పోలి లేదు. మా బీరువాకు నగిషీలున్నాయి, పందిరి మంచానికి చెక్కిన హంసలున్నాయి, గోడ గడియారానికి సైతం నెత్తిన కిరీటం ఉంది. రేడియోకు ఇవేవీ లేవు. తిన్నని అంచులు, అద్దంలా మెరిసే టేకు పొర, ముందువైపు పైసగం బంగారు పోగు కలిసిన మీగడరంగు గుడ్డ, కింది సగంలో పొడుగాటి అద్దం, దాని అడుగున దంతపు రంగు మీటలు నాలుగు, చెరో పక్కా సన్నని ఇత్తడి అంచున్న నాబులు రెండు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. చెక్కడాలేవీ లేకుండా అంత అందంగా ఉన్న వస్తువును చూడడం అదే మొదలు.

మీట నొక్కగానే పాట వచ్చేది కాదు. ముందు అద్దం వెనుక చిన్న బల్బులు వెలిగి, దాని మీద అచ్చువేసిన, స్టేషన్లు ఎక్కడెక్కడ దొరుకుతాయో చెప్పే 19, 25, 31, 41 అనే మీటర్ల అంకెలు పైకి తేలేవి. లోపలి గాజు గొట్టాలు, అంటే వాల్వులు, వేడెక్కడానికి అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. తరువాత కుడివైపు పై మూలనున్న కోడిగుడ్డు ఆకారపు చిన్న కిటికీలో పచ్చని వెలుగు పుట్టి, స్టేషను కుదిరే కొద్దీ విసనకర్రలా విచ్చుకునేది. దాన్ని మ్యాజిక్ ఐ అనేవారు. స్టేషను నుంచి అందే సంకేతం ఎంత బలంగా ఉందో దాన్నిబట్టి, ఎలక్ట్రాన్లు తగిలి పచ్చగా వెలిగే పూత మీద నీడ పెరుగుతూ తరుగుతూ ఉంటుందని నేను చాలాకాలం తరువాత చదువుకున్నాను. తెల్లవారుజామున ఇంకా చీకటిగా ఉండగానే అమ్మ దీపం వేయకుండా ఆ పచ్చకన్ను చూసుకుంటూనే విజయవాడ స్టేషను పట్టుకుని భక్తిరంజని పెట్టేది. చదువు అంతగా రాని ఆవిడకు ఆ అంకెలతో పని పడలేదు.

రేడియో వచ్చిన వారానికే అమ్మ దానికి మఖమలు తొడుగు కుట్టింది. ముదురు ఎరుపు గుడ్డ మీద రెండు చిలకలు, నడుమ ఒక గులాబీ. విలువైన వస్తువును బట్టలేకుండా నిలబెట్టడం ఆవిడకు నచ్చలేదు. అప్పట్లో మా వీధిలో రేడియో ఉన్న ప్రతి ఇంట్లోనూ అంతే; ఎదురింటివారి మర్ఫీ రేడియోకైతే జేబులు కూడా ఉన్న తొడుగు ఉండేది, అందులో పోస్టాఫీసులో ఏటేటా బిళ్లలు అంటించుకొచ్చే లైసెన్సు పుస్తకం పెట్టుకునేవారు. మా మామయ్య నరసాపురం నుంచి వచ్చి ఆ మఖమలు తొడుగు చూసి, మెల్లగా తీసి మడతపెట్టి అమ్మ చేతిలో పెట్టాడు. "అక్కా, దీనికి గాలాడాలి. వెనక అట్టకు ఆ చిల్లులు ఊరికే పెట్టలేదు. ముందు గుడ్డ కూడా అంతే, దానిలోంచే గొంతు బయటికి రావాలి. నువ్వు దాని నోటికి దుప్పటి కప్పావు," అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు గానీ, తొడుగును పెట్టెలో దాచేటప్పుడు ఆవిడ ముఖం చిన్నబోవడం నేను చూశాను.

మామయ్యకు నరసాపురంలో రేడియో మరమ్మతు దుకాణం ఉండేది. వేసవి సెలవులు మూడేళ్లపాటు నేను అక్కడే గడిపాను. రేడియో రూపం గురించి నాకు తెలిసినదానిలో ముఖ్యమైనదంతా ఆ దుకాణంలోని పొడుగు బల్ల మీదే నేర్చుకున్నాను.

ఆ బల్ల మీదికి రకరకాల కాలాల రేడియోలు వచ్చేవి. ఒక రిటైరైన తాసిల్దారుగారి దగ్గర గుండ్రని భుజాలున్న ముదురు గోధుమరంగు సెట్టు, బేకలైటు అనే తొలినాటి ప్లాస్టిక్కుతో చేసింది, ఉండేది. దానికి మూలలు ఎందుకు లేవని అడిగితే మామయ్య మా అత్తయ్య ఇడ్లీ పళ్లెం తెప్పించి చూపించాడు. బేకలైటు పొడిని వేడి అచ్చులో పోసి నొక్కితే అది కరిగి అచ్చంతా పరుచుకుని గట్టిపడుతుంది. పదునైన మూలలుంటే అక్కడికి సరిగా చేరదు, అచ్చులోంచి ఊడేటప్పుడు పెచ్చు రేగుతుంది. అందుకే గుండ్రన అన్నాడు. బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్ 1907లో కనిపెట్టిన ఈ పదార్థం వల్లే, అప్పటిదాకా బీరువాల్లా, గుడి గోపురాల్లా ఉన్న రేడియోలకు కొత్త ఒడ్డూపొడుగూ వచ్చాయి. ఇంగ్లండులో వెల్స్ కోట్స్ అనే ఆర్కిటెక్టు 1934లో ఎకో కంపెనీ కోసం పూర్తి వృత్తాకారంలో గీసిన బేకలైటు రేడియో బొమ్మను నేను పెద్దయ్యాక ఒక పుస్తకంలో చూసినప్పుడు, వెంటనే ఆ ఇడ్లీ పళ్లెం కళ్ల ముందుకొచ్చింది.

మా ఇంటి రేడియో ఒకసారి మరమ్మతుకు వచ్చింది. నాబు తిరుగుతోంది గానీ అద్దం వెనుక ముల్లు కదలడం లేదు. ఆ రోజు మామయ్య నన్ను పక్కన నిలబెట్టుకుని, చేతికి టార్చిలైటు ఇచ్చాడు. ముందు నాబులు లాగాడు. నాబు కింద, చెక్కకూ నాబుకూ మధ్య, అర్ధణా బిళ్లంత ఉన్ని బిళ్ల ఒకటి కనిపించింది. అది లేకపోతే నాబు తిప్పిన ప్రతిసారీ చెక్క మీద గీత పడుతుందని, అది ఉండబట్టే నాబు అంత మెత్తగా తిరుగుతుందని చెప్పాడు. బయటికి కనిపించని చోట, ఎవరూ అడగని చోట, ఆ బిళ్లను తలచుకుని పెట్టినవాడి మీద నాకు ఆ క్షణంలో కలిగిన గౌరవం ఈనాటికీ పోలేదు. ఒక బిళ్ల అరిగిపోయి ఉంటే మామయ్య పాత కంబళి ముక్కను గుండ్రంగా కత్తిరించి దాని స్థానంలో వేశాడు.

తరువాత అడుగు స్క్రూలు నాలుగూ విప్పి, లోపలి యంత్రాన్నంతా సొరుగు లాగినట్టు వెనక్కి లాగేశాడు. ఖాళీ పెట్టె బల్ల మీద మిగిలింది. నేను దానిలో తల దూర్చాను. లోపల మైనమూ, కాలిన దుమ్మూ, కొత్త చెక్కా కలిసిన వాసన. అద్దం మీద అంకెలన్నీ తిరగబడి కనిపించాయి, ఎందుకంటే ముందువైపు చెయ్యి తగిలి చెరిగిపోకుండా వాటిని అద్దం వెనుకవైపే అచ్చువేశారు. స్పీకరు గుడ్డలోంచి వీధి వెలుగు లోపలికి వస్తోంది. బయటి నుంచి గట్టి గోడలా కనిపించే గుడ్డ, లోపలి నుంచి చూస్తే జల్లెడ. అవతల నడిచి వెళ్తున్న మనుషులు దానిలోంచి బంగారు చుక్కల్లో కనిపించారు.

ముల్లు కదలకపోవడానికి కారణం తాడు తెగడం. ట్యూనింగు నాబు కడ్డీకి రెండు మూడు చుట్లు చుట్టి, రెండు చిన్న కప్పీల మీదుగా నడిపి, స్టేషన్లు మార్చే గ్యాంగు కండెన్సరుకు బిగించిన పెద్ద చక్రం చుట్టూ తిప్పి, చివర స్ప్రింగుతో బిగించే సన్నని దారం అది. ముల్లు ఆ దారాన్నే పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. పెద్ద చక్రం వల్ల నాబు చాలాసార్లు తిప్పితే గానీ ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లదు. దూరదేశాల స్టేషన్లు వచ్చే షార్ట్‌వేవులో ఇరుగుపొరుగున ఇరుక్కుని ఉండే స్టేషన్లను వేలి కొసతో వేరుచేయగలిగేది అందువల్లే. మామయ్య తెగిన తాడు తీసేముందు అది నడిచిన దారిని పెన్సిలుతో కాగితం మీద గీసుకున్నాడు. కొత్త తాడుకు మైనం రాసి, ఆ బొమ్మ చూసుకుంటూ కట్టాడు. మొదటిసారి ముల్లు తలకిందులుగా నడిచింది, నాబు కుడికి తిప్పితే అది ఎడమకు పోయింది. విప్పి మళ్లీ కట్టాడు. ఆ పని పూర్తయ్యేసరికి మధ్యాహ్నం భోజనం వేళ దాటింది.

పెట్టెలో అమర్చకముందే బల్ల మీద రేడియో మోగించి చూసినప్పుడు ఇంకో విషయం తెలిసింది. ఆ గొంతు మా ఇంటి రేడియో గొంతు కాదు. రేకు డబ్బాలో మాట్లాడుతున్నట్టు పలచగా ఉంది, మృదంగం దరువు అసలు వినిపించడం లేదు. పాడైపోయిందేమోనని నేను భయపడ్డాను. మామయ్య మాట్లాడకుండా, నడుమ గుండ్రని కంత ఉన్న ఒక చెక్కపలకను తెచ్చి స్పీకరు ముందు ఆనించి పట్టుకున్నాడు. మరుక్షణం మృదంగం గదిలోకి వచ్చింది. పలకను తీసేశాడు, పోయింది. మళ్లీ పెట్టాడు, వచ్చింది. స్పీకరు కాగితం ముందుకు తోసిన గాలికీ, వెనక్కి లాగిన గాలికీ మధ్య అడ్డు లేకపోతే మంద్రస్వరాల దగ్గర ఆ రెండూ ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. చెక్కపెట్టె ఆ రెండింటినీ విడదీసే అడ్డుగోడ. అందం కోసం పెట్టారనుకున్న టేకు పెట్టె మృదంగాన్ని మోస్తోందని అప్పుడు తెలిసింది. నా చేత కూడా పలక పట్టించి చూపించాడు. పలకకు ఆనిన నా అరచేతులకు ఆ దరువు తెలిసింది.

మామయ్య సొంతంగా సెట్లు కూడా కట్టేవాడు. విడిభాగాలు మద్రాసు నుంచి తెప్పించుకుని, పెట్టెలు మాత్రం ఊళ్లోని వడ్రంగి చేత చేయించేవాడు. 1964లో ఒక ఆసామి తన కూతురి పెళ్లికి రేడియోతోపాటు గ్రామఫోను కూడా ఉన్న పెట్టె, ఏటవాలు కాళ్ల మీద నిలబడేది, కావాలని అడిగాడు. అలాంటి బొమ్మ ఏదో పత్రికలో చూశాడట. పైన లావుగా మొదలై కిందికి సన్నబడుతూ, బయటికి వాలి ఉండే ఆ కాళ్లు అప్పట్లో ప్రపంచమంతటా వస్తున్న కొత్త వాలకం. మా వడ్రంగి ఆ బొమ్మను చూసి ఒప్పుకోలేదు. "కాలు వాలితే బరువెక్కడ నిలుస్తుంది బాబూ? కాలు నిట్టనిలువునా ఉండాలి, లావుగా ఉండాలి," అన్నాడు. మామయ్య దుకాణం ముందు నిలబడి, తన కాళ్లు దగ్గరగా పెట్టి తనను తోయమన్నాడు, తరువాత కాళ్లు ఎడంగా పెట్టి తోయమన్నాడు. వడ్రంగి రెండోసారి తోయలేకపోయాడు. అంతటితో ఆ వాదన ముగిసింది.

ఆ కాళ్లను ఆయన చిత్రికపట్టి సన్నబరుస్తుంటే నేను పక్కనే కూర్చుని చూశాను. అడుగున కొసలు నేలకు రాసుకుని చిట్లకుండా ఇత్తడి తొడుగులు వేయాలి. అలాంటివి అక్కడ దొరకవు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "పొన్నులేగా!" అని కంసాలి దగ్గరికి వెళ్లాడు. రోకలికి వేసే పొన్నునే సన్నగా, చిన్నగా కట్టించి తెచ్చి నాలుగు కాళ్లకూ బిగించాడు. స్పిరిట్ పాలిషు ఆరిన తరువాత ఆ పెట్టె నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది: అంత బరువైన వస్తువు, నేల నుంచి జానెడు ఎత్తున, నాలుగు ఇత్తడి చుక్కల మీద తేలుతున్నట్టుంది. ఆ ఒక్క పెట్టె కోసమైనా మా వడ్రంగిని ఆ కాలపు డిజైనర్లలో ఒకడిగా లెక్కపెట్టాలని నేను నమ్ముతాను.

1960ల చివరికి ట్రాన్సిస్టర్లు వచ్చాయి. అమెరికాలో 1954 అక్టోబరులో రీజెన్సీ టీఆర్-1 అనే జేబు రేడియో నాలుగు ట్రాన్సిస్టర్లతో, 49.95 డాలర్ల ధరకు వెలువడింది. అక్కడి నుంచి మా కాలవగట్టు మీద సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని తిరిగేదాకా రావడానికి పదిహేనేళ్లు కూడా పట్టలేదు. వాల్వులు లేవు కాబట్టి వేడి లేదు, వేడి లేదు కాబట్టి పెద్ద పెట్టె అక్కర్లేదు. అర నిమిషపు నిశ్శబ్దం కూడా పోయింది. నాకు ఆ తోలు సంచీ రేడియోలంటే ద్వేషం లేదు, కానీ వాటి చుట్టూ ఇల్లు కూర్చోలేదు. హైదరాబాదులో 1977లో దూరదర్శన్ మొదలయ్యాక మా బంధువుల ఇంట్లో చూసిన ఈసీ టీవీ, ఆ తరువాత చూసిన తెరతలుపుల చెక్కపెట్టెల టీవీలు, ఏటవాలు కాళ్లతో నిలబడి మా వడ్రంగినే గుర్తుచేసేవి.

ఉద్యోగం పని మీద 1990లలో జర్మనీ వెళ్లినప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక ప్రదర్శనశాలలో బ్రౌన్ కంపెనీవారి ఎస్‌కె4ను మొదటిసారి చూశాను. 1956 నాటిది. హాన్స్ గూగెలో, డీటర్ రామ్స్ కలిసి రూపొందించిన రేడియో-గ్రామఫోను అది. తెల్లని రేకు ఒంటిని రెండు పక్కలా లేత రంగు చెక్కపలకలు పట్టుకుని ఉంటాయి. ముందువైపు స్పీకరుకు సన్నని గాట్లు వరుసగా ఉంటాయి. నాబులూ, స్టేషన్ల పట్టీ, రికార్డు తిరిగే పళ్లెం అన్నీ పైనే ఉంటాయి, పైన పారదర్శకమైన మూత. మొదట ఆ మూతను కూడా రేకుతోనే చేయాలనుకున్నారట. పాట గట్టిగా పెడితే అది అదిరి చప్పుడు చేసిందని ప్లెక్సిగ్లాసుకు మారారు. జర్మన్ జానపద కథలోని గాజు పేటికను తలచుకుని జనం దాన్ని స్నో వైట్ శవపేటిక అని పిలిచారు. ఆ తరువాత ప్రపంచంలో తయారైన గ్రామఫోన్లకు పారదర్శకమైన మూత ఉండడమే ఆనవాయితీ అయింది. రేకు అదిరిన కథ చదువుతున్నంతసేపూ నాకు పక్కన మామయ్య చెక్కపలక పట్టుకుని నిలబడినట్టే ఉంది. రామ్స్ తాతగారు వడ్రంగి అని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు.

కంపెనీ స్థాపకుడు మాక్స్ బ్రౌన్ 1951లో పోయాక కొడుకులు ఆర్టూర్, ఎర్విన్ బాధ్యత తీసుకుని, ఉల్మ్ నగరంలో అప్పుడే మొదలైన డిజైను విద్యాలయంవారిని పిలిచి, 1955లో డ్యూసెల్‌డార్ఫ్ రేడియో ప్రదర్శనలో తమ కొత్త రూపాలను జనం ముందు పెట్టారు. ఆ విద్యాలయంలో పాఠాలు చెప్పిన గూగెలో 1965లో అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైనుకు వచ్చి అక్కడివారితో కలిసి ఒక ఫ్యాను రూపొందించారు. అదే ఏడాది సెప్టెంబరులో మరణించారు. ఆ సంస్థ 1961లో పుట్టడానికి మూలం, మన ప్రభుత్వం ఆహ్వానం మీద దేశమంతా తిరిగి అమెరికన్ డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఇచ్చిన నివేదిక. తాము ఈ దేశంలో చూసిన వస్తువులన్నిటిలోకీ వారు ఎక్కువగా మెచ్చుకున్నది మన చెంబును. ఎన్ని నీళ్లు పట్టాలి, నడుము మీద ఎలా ఆనాలి, వంచితే ధార ఎలా పడాలి, ఖాళీగా ఉన్నప్పుడూ నిండుగా ఉన్నప్పుడూ బరువు ఎక్కడ నిలవాలి అని ఒక్కొక్కటే అడుక్కుంటూ పోయారు. నేను దాన్ని చదివి, వంటింట్లోకి వెళ్లి మా అమ్మ ఇత్తడి చెంబును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను.

అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. మామయ్య మఖమలు తొడుగు తీసేసిన తరువాత ఏడాది పాటు రేడియో అలాగే ఉంది. ఆవిడ పుట్టిల్లు నరసాపురం. అక్కడి ఆడవాళ్లకు ఎందరికో లేసు అల్లిక బతుకుతెరువు, అమ్మకు చిన్నప్పటి నుంచీ చేతిలో ఉన్న విద్య. రేడియో వచ్చిన మరుసటి వేసవిలో, మధ్యాహ్నాలు పడుకోకుండా, తెల్ల దారం కండె ఒళ్లో పెట్టుకుని ఏదో అల్లుతూ ఉండేది. మధ్యమధ్య లేచి రేడియో దగ్గరికి వెళ్లి, వేలితో కొలుచుకుని వచ్చేది. పూర్తయ్యాక దాన్ని పైన పరిచింది. వెనుకవైపు దానికి అసలు గుడ్డే లేదు, అట్ట చిల్లులన్నీ తెరిచే ఉన్నాయి. ముందువైపు అద్దం అంచు దాకా మాత్రం తెరలా వేలాడింది, నాబులకూ మీటలకూ అడ్డం రాలేదు. అల్లిక స్పీకరు గుడ్డకన్నా వదులు, కాబట్టి గొంతు ఏమాత్రం తగ్గలేదు. మామయ్య వచ్చి చూసి, వాల్యూము పెంచి, తగ్గించి, చెవి దగ్గర పెట్టి విని, "బాగుందక్కా," అన్నాడు. ఆ మాట కోసం అమ్మ ఏడాది ఎదురుచూసింది.

ఇప్పుడు ఆ రేడియో హైదరాబాదులో నా గదిలో ఉంది. మ్యాజిక్ ఐ వెలుగు బాగా మాసిపోయింది, చీకట్లో తప్ప కనిపించదు. పోయిన నెల శుభ్రం చేయడానికి నాబులు తీస్తే ఒకదాని కింద కంపెనీవారి ఉన్ని బిళ్ల, రెండోదాని కింద మామయ్య కత్తిరించిన నల్ల కంబళి బిళ్ల అలాగే ఉన్నాయి. రెండూ దులిపి మళ్లీ అక్కడే పెట్టాను. తరువాత లేసు తెరను ఉతికి, ఆరేసి, పైన పరిచాను. కుడివైపు పై మూల, పూల నడుమ, అమ్మ ఒకచోట అల్లిక ఆపి కోడిగుడ్డు ఆకారంలో ఖాళీ వదిలి, చుట్టూ గట్టి అంచు వేసింది. తెర ఎత్తకుండానే తెల్లవారుజామున స్టేషను పట్టుకోవడానికి. ఉతికిన గుడ్డ కాస్త ముడుచుకుపోయి ఉంటుందని భయపడ్డాను గానీ, ఆ ఖాళీ వచ్చి సరిగ్గా ఆ పచ్చకన్ను మీదే కూర్చుంది.